పడిన చెట్టుకు ఏ చైన్‌సా? సీసీలు చెప్పని లెక్క

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. నాలుగేళ్ల తర్వాత, 2018 అక్టోబర్ 11న, తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. ఇలాంటి తుపానుల తర్వాత రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లను కోసి తీయడానికి జాతీయ విపత్తు స్పందన దళం వంటి బృందాలు వస్తాయి. పెరట్లో పశువుల పాక మీద పడిన వేపచెట్టు, తోటలో ఒకదానిపై ఒకటి ఒరిగిన కొబ్బరి చెట్లు మాత్రం ఆ ఇంటివాళ్ల పనే. కూలీలు దొరకని ఆ రోజుల్లోనే చాలామంది మొదటిసారి చైన్‌సా కొనడానికి బజారుకు వెళ్తారు.

అక్కడ ఎదురయ్యే సంభాషణ దాదాపు ఒకేలా ఉంటుంది. "ఎన్ని సీసీ?" అని అడుగుతాం. "58 సీసీ, 22 అంగుళాల బార్" అని జవాబు వస్తుంది. రెండంకెలూ పెద్దవే కాబట్టి మంచిదేనని అనుకుంటాం. కానీ ఆ రంపం మీ చెట్టును కోయగలదా, కోసేవాడిని క్షేమంగా ఉంచగలదా అన్న రెండు ప్రశ్నలకూ ఆ అంకెల్లో జవాబు లేదు. అది తెలియాలంటే ముందుగా గొలుసు దగ్గర మొదలుపెట్టాలి.

పురుగు నేర్పిన పళ్లు

మామూలు చేతి రంపానికి ఉండే త్రికోణపు పళ్లు కలపను గీరుతాయి. తొలినాళ్ల చైన్‌సాలకూ అలాంటి పళ్లే ఉండేవి. త్వరగా మొద్దుబారేవి, పదును పెట్టడం పెద్ద పని. 1946లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప కార్మికుడు ఒక మొద్దులో పెంకుపురుగు డింభకం కలపను తొలుచుకుంటూ పోవడాన్ని గమనించాడు. అది పీచుకు నిలువుగానూ అడ్డంగానూ ఒకే తేలికతో వెళ్తోంది. దాని రెండు దవడలూ ఇంగ్లిష్ 'సి' అక్షరంలా వంగి, ఎడమకూ కుడికీ మార్చి మార్చి కొరుకుతున్నాయి. కాక్స్ ఆ ఆకారాన్నే ఉక్కులో చేసి, ఎడమ పన్ను, కుడి పన్ను ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా గొలుసులో కూర్చాడు. మరుసటి ఏడాదే వాటిని అమ్మే కంపెనీ పెట్టాడు. ఇవాళ మీరు కొనే ఏ చైన్‌సా గొలుసులోనైనా కనిపించేది మూలంలో ఆ డింభకపు దవడే.

ఒక పన్నును దగ్గరగా చూడండి. వెనుక వంపు తిరిగిన పదునైన అంచు, దాని ముందు రెక్కలాంటి చిన్న మొన. ఈ మొన అంచుకన్నా కొద్దిగా, సుమారు 0.65 మిల్లీమీటర్లు, కిందికి ఉంటుంది. పన్ను ఒక్కసారికి ఎంత లోతు కొరకాలో నిర్ణయించేది ఆ తేడాయే. అంచు పదునుగా ఉండి ఈ తేడా సరిగ్గా ఉంటే చెక్క పేళ్లుగా బయటికి వస్తుంది. అంచు అరిగితే పన్ను కోయడం మానేసి రుద్దుతుంది, పేళ్ల బదులు మెత్తటి పొట్టు రాలుతుంది. రంపానికి పదును కావాలని చెప్పే సూచనల్లో ఇంతకన్నా నమ్మకమైనది లేదు.

లెక్క వేద్దాం

బైకుల పుణ్యమా అని సీసీ అందరికీ తెలిసిన మాటే. అది సిలిండర్‌లో పిస్టన్ కదిలే మేర ఘనపరిమాణం. గిన్నె ఎంతుందో చెబుతుంది, అందులో వంట ఎలా కుదిరిందో చెప్పదు. మనకు కావలసింది సామర్థ్యం, అంటే కిలోవాట్లు. కొందరు హార్స్‌పవర్‌లో రాస్తారు. 1 హార్స్‌పవర్ దాదాపు 0.75 కిలోవాట్. పేరున్న తయారీదారుల పెట్రోల్ రంపాల్లో 50 సీసీ యంత్రం సుమారు 2.5 కిలోవాట్లు, 30 సీసీ పైబడిన చిన్నది సుమారు 1.5 కిలోవాట్లు ఇస్తుంది. డబ్బా మీదా, మాన్యువల్‌లోనూ సీసీ ఉండి కిలోవాట్ ఎక్కడా లేకపోతే అనుమానించాల్సిందే.

ఇప్పుడు 2.5 కిలోవాట్లను గొలుసు మీదికి తెద్దాం. గొలుసు కొలతను పిచ్ అంటారు. వరుసగా మూడు రివెట్ల మధ్య దూరాన్ని సగం చేస్తే వచ్చేదే పిచ్. ఈ తరగతి రంపాల్లో 0.325 అంగుళాల పిచ్ బాగా వాడుకలో ఉంది. గొలుసును తిప్పే స్ప్రాకెట్‌కు సాధారణంగా 7 పళ్లు. ఒక్కో స్ప్రాకెట్ పన్నుకు గొలుసు రెండు పిచ్‌ల దూరం కదులుతుంది కాబట్టి, ఒక్క చుట్టుకు 7 × 2 × 0.325 = 4.55 అంగుళాలు, అంటే 11.5 సెంటీమీటర్లకు కాస్త పైన ముందుకు పోతుంది. ఇంజన్ నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే గొలుసు వేగం సెకనుకు 19 మీటర్లు. గంటకు దాదాపు 70 కిలోమీటర్లు! హైవే మీద కారు వేగంతో పళ్లు పరిగెడుతున్నాయన్నమాట.

సామర్థ్యాన్ని వేగంతో భాగిస్తే బలం వస్తుంది. 2,500ను 19తో భాగిస్తే సుమారు 130 న్యూటన్లు. అంటే 13 కిలోల బరువు లాగినంత. ఇంజన్ ఎంత మొత్తుకున్నా కలపను కోయడానికి గొలుసుకు అందేది గరిష్ఠంగా ఇంతే. బార్ మీది ఘర్షణకు ఇందులోంచే కొంత పోతుంది.

ఈ గొలుసులో కోసే పళ్ల మధ్య దూరం 3.3 సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్ల కొమ్మను కోస్తుంటే ఏ క్షణంలోనైనా సుమారు 6 పళ్లు కలపలో ఉంటాయి. 130 న్యూటన్లను ఆరింటికీ పంచితే ఒక్కోదానికి 21 న్యూటన్లు దాటుతుంది. 40 సెంటీమీటర్ల మానులో 12 పళ్లుంటాయి, వాటా 11కు పడిపోతుంది. 22 అంగుళాల బార్ మొత్తం, అంటే 56 సెంటీమీటర్లు, మానులో మునిగితే పళ్లు 17, వాటా 8 న్యూటన్ల లోపే. చేవదేరిన చింతలో ఆ బలంతో పన్ను లోపలికి దిగదు, రుద్దుతుంది. అప్పుడు మనిషి రంపాన్ని చేతులతో అదుముతాడు. వేగం తగ్గుతుంది, క్లచ్ జారి వేడెక్కుతుంది, బార్ కాలుతుంది, గొలుసు మొద్దుబారుతుంది.

చిన్న ఇంజన్‌కు పొడవాటి బార్ తగిలించడం అందుకే నష్టం. నన్నడిగితే పెరడు, తోట పనికి సరిపోయే జోడీ ఇది: 45 నుంచి 55 సీసీ, కనీసం 2.2 కిలోవాట్లు, 16 లేదా 18 అంగుళాల బార్. మీ దగ్గరున్న మాన్లలో ఎక్కువ వాటి వ్యాసం కన్నా బార్ నాలుగైదు సెంటీమీటర్లు పొడవుంటే చాలు. అరవై సెంటీమీటర్లు మించిన రావిచెట్టు ఏ పదేళ్లకోసారో పడుతుంది. దానికోసం పెద్ద రంపం కొని రోజూ మోయడం కన్నా, ఆ ఒక్కరోజుకు దాన్నే వృత్తిగా చేసుకున్న మనిషిని పిలవడం నయం.

కొబ్బరి వేరు, వేప వేరు

కలపలన్నీ ఒకటి కావు. వేప, మామిడి, చింత ద్విదళబీజాలు; వాటిలో గట్టి చేవ మధ్యలో ఉంటుంది. కొబ్బరి ఏకదళబీజం. దానికి వార్షిక వలయాలు లేవు, చేవా లేదు. నాళాల కట్టలు అంచున దట్టంగా, మధ్యలో పలుచగా ఉంటాయి. ముదురు కొబ్బరి మానులో అంచు భాగం సాంద్రత ఘనపు మీటరుకు 600 కిలోలు దాటవచ్చు, మధ్యభాగం 300కు లోపే ఉండవచ్చు. ఆ అంచు మామూలు ఉక్కు పన్నును చాలా త్వరగా అరగదీస్తుంది. కొబ్బరి దుంగల్ని పలకలుగా కోసే మిల్లుల్లో గట్టి మిశ్రమలోహపు మొనలున్న పళ్లు వాడేది ఈ కారణంగానే. తోటలో ఒకటీ అరా చెట్టు కోసేవారికి అంత ఖర్చు అక్కర్లేదు. మధ్యమధ్యలో పదును పెట్టుకునే ఓపిక ఉంటే చాలు.

సర్కారు తుమ్మ, సరుగుడు కూడా గట్టివే. పైగా మన దగ్గర కోసే చెట్టు శుభ్రంగా ఉండటం అరుదు. పడిన మాను బెరడు నిండా ఇసుక, మన్ను. పన్ను మూలలో రెండు రకాలున్నాయి. మూల చతురస్రంగా ఉండేది వేగంగా కోస్తుంది, ఇసుక తగిలితే మూల వెంటనే పోతుంది. మూల గుండ్రంగా ఉండేది కాస్త నెమ్మది, కానీ ఎక్కువసేపు నిలుస్తుంది. దీన్ని సెమీ చిసెల్ అంటారు. దుకాణదారు వేగం గురించి చెబుతాడు. మీరు సెమీ చిసెలే అడగండి.

ఎదురు తన్ను

న్యూటన్ మూడో నియమం చైన్‌సా పట్టుకున్నవాడికి ఒళ్లంతా తెలుస్తుంది. బార్ కింది అంచున గొలుసు మన వైపు వస్తుంది, కాబట్టి దానితో కోస్తే రంపం చెట్టు వైపు లాగుతుంది. పై అంచున గొలుసు మననుంచి దూరంగా పోతుంది, దానితో కోస్తే రంపం మన మీదికి తోస్తుంది. ఈ రెండింటినీ చేతులు తట్టుకోగలవు. ప్రమాదం బార్ కొనలో, అందులోనూ పై పావు భాగంలో ఉంది.

అక్కడ గొలుసు ముందుకు పోతూ కిందికి వంగుతుంది. ఆ చోట ఒక కొమ్మో, పక్క దుంగో తగిలి పన్ను చిక్కుకుంటే, ప్రతిచర్య బార్‌ను వెనక్కీ పైకీ నెడుతుంది. రంపం గరిమనాభి ఇంజన్ దగ్గర, తగిలిన చోటు బార్ చివర. మధ్యలో అరమీటరు దాకా దూరం. బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చే భ్రామకం రంపాన్ని మనిషి ముఖం, భుజం వైపు తిప్పేస్తుంది. కిక్‌బ్యాక్ అంటే ఇదే. మనిషి ఒకటి చూసి స్పందించడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. కిక్‌బ్యాక్ అంతకన్నా ముందే ముగిసిపోతుంది. "జాగ్రత్తగా పట్టుకుంటాను" అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. యంత్రమే ఆపుకోవాలి.

ఆపుకునే భాగం చైన్ బ్రేక్. ముందు పిడికి పైన నిలబడి ఉండే ప్లాస్టిక్ రెక్క కేవలం చేతికి అడ్డు కాదు, బ్రేక్ మీట. మంచి రంపాల్లో అది చేయి తగలకుండానే, జడత్వంతోనే పడుతుంది. రంపం ఒక్కసారిగా తిరిగినప్పుడు రెక్క తన స్థితిలోనే ఉండిపోవాలని చూస్తుంది, ఆ తేడా స్ప్రింగును విడిపిస్తుంది, క్లచ్ డ్రమ్ము చుట్టూ ఉన్న ఉక్కు పట్టీ బిగుసుకుంటుంది. గొలుసు సెకనులో పదో వంతు, కాస్త అటూ ఇటూ, సమయంలో ఆగుతుంది.

ఈ బ్రేకును కొనేముందే పరీక్షించవచ్చు. ఇంజన్ ఆపి, బ్రేక్ విడిచి, రంపాన్ని ఒక మొద్దుకు అరమీటరు ఎత్తున అడ్డంగా పట్టమనండి. వెనుక పిడిని వదలకుండా ముందు చేయి వదిలితే బార్ కొన పడి మొద్దును తాకుతుంది. ఆ కుదుపుకు బ్రేక్ దానంతటదే 'టక్' మని పడాలి. పడకపోతే ఆ రంపం ఎంత చవకైనా వద్దు.

పడిన చెట్టు విల్లులాంటిది

నిలబడిన చెట్టు కన్నా పడిన చెట్టు సులువనుకుంటాం. భౌతికశాస్త్రం ప్రకారం తరచుగా అది తిరగబడుతుంది, ఎందుకంటే వంగి ఆగిన మానులో శక్తి నిల్వ ఉంటుంది.

రెండు చివరలా ఆనుకుని మధ్యలో గాలిలో ఉన్న దుంగను ఊహించుకోండి. దాని బరువుకు మధ్యభాగం కిందికి వంగుతుంది. పైభాగం నొక్కుకుపోతుంది, అక్కడ సంపీడనం. కిందిభాగం సాగుతుంది, అక్కడ తన్యత. పైనుంచే కోస్తూ పోతే సందు మూసుకుని బార్‌ను కరుచుకుంటుంది. కిందినుంచి మొదలుపెడితే సాగి ఉన్న పీచు ఒక్కసారిగా తెగి దుంగ చీలవచ్చు. సంపీడనం ఉన్నవైపు మూడో వంతు లోతు మించకుండా గాటు పెట్టి, తర్వాత తన్యత ఉన్నవైపు నుంచి వచ్చి ఆ గాటును కలపడం సరైన పద్ధతి. ఈ దుంగలో అయితే ముందు పైన, తర్వాత కింద.

ఒకవైపే ఆనిక ఉండి రెండో చివర గాలిలో వేలాడుతుంటే లెక్క తారుమారు. పైన తన్యత, కింద సంపీడనం. ముందు కింద గాటు, తర్వాత పైనుంచి. పక్కకు వంగి మరో చెట్టు మధ్య ఇరుక్కున్న మానైతే వంపు లోపలివైపు సంపీడనం, వెలుపలివైపు తన్యత. అప్పుడు నిలబడాల్సింది లోపలివైపు. తెగిన మాను బయటివైపు విసురుగా కొడుతుంది.

అన్నిటికన్నా మోసం చేసేది వేళ్లతో సహా కూలిన చెట్టు. పళ్లెంలా లేచి నిలబడిన వేళ్లమట్టిని ఆపి ఉంచేది మాను బరువే. మానును కోయగానే ఆ వేళ్లదిమ్మ తిరిగి గుంటలోకి పడిపోవచ్చు. గుంటలో, దిమ్మ వెనుక, పిల్లలు కాదు కదా కుక్క కూడా లేదని చూసుకున్నాకే రంపం ఎత్తాలి. వేళ్లదిమ్మ వెనక్కి తిరిగినా అందనంత దూరంలో, మానును కాస్త పొడవు వదిలి కోయడం మేలు. విద్యుత్ తీగ చెట్టు మీద పడి ఉంటే మాత్రం లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపానని చెప్పేదాకా దగ్గరికి వెళ్లకూడదు. పచ్చి కలప కరెంటును బాగానే ప్రసరింపజేస్తుంది.

పెట్రోలు, బ్యాటరీ, కరెంటు

36 వోల్టులు, 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది 180 వాట్-అవర్ల శక్తి. ఒక కిలోవాట్ చొప్పున వాడితే 11 నిమిషాల్లో అయిపోతుంది. కొమ్మలు నరకడానికి, మామిడి తోటలో కత్తిరింపులకు ఇది చాలు. మోత తక్కువ, పొగ లేదు, మీట వదలగానే ఆగుతుంది. తుపాను తర్వాత నాలుగు రోజులు కరెంటు లేని ఊళ్లో మాత్రం రెండో బ్యాటరీ ఉన్నా ప్రయోజనం లేదు.

తీగతో నడిచే 2 కిలోవాట్ల విద్యుత్ రంపం చవక, బరువు తక్కువ. అది 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. 30 మీటర్ల దూరానికి 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్నని తీగ వేస్తే, రాకపోకలకు కలిపి నిరోధం ఒకటిన్నర ఓమ్‌కు దగ్గర, వోల్టేజీ 13 దాకా పడిపోతుంది, తీగలోనే వంద వాట్లకు పైగా వేడి పుడుతుంది. కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ తీసుకోండి. వానలో దీని జోలికి పోవద్దు.

పెట్రోల్ రంపానిది రెండు స్ట్రోకుల ఇంజన్. దానికి విడిగా ఆయిల్ గది ఉండదు, పెట్రోల్‌లోనే ఆయిల్ కలపాలి. 50:1 అని మాన్యువల్ చెబితే 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. ఇక్కడ మన దేశంలో కొత్తగా వచ్చిన చిక్కు ఒకటుంది. బంకుల్లో దొరికే పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్. చాలా రంపాల మాన్యువళ్లు 10 శాతం దాకానే అనుమతిస్తాయి. ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగులో ఉన్న కార్బ్యురేటర్‌తో మిశ్రమం పలచబడి ఇంజన్ ఎక్కువ వేడెక్కుతుంది. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచితే నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు చేరతాయి, రబ్బరు గొట్టాలు పాడవుతాయి. "ఈ మోడల్ ఇ20కి పనికొస్తుందని మాన్యువల్‌లో ఎక్కడుందో చూపించండి" అని అడగండి. పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటది ఆగేదాకా నడపండి.

చెవులు, వేళ్లు

పెట్రోల్ రంపం మోత నడిపేవాడి చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాటుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసులో 85 డెసిబెల్స్‌కు 8 గంటలు, ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగం. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. ఇయర్ మఫ్‌లు కొనని బేరం పూర్తి బేరం కాదు.

కంపనానికి కొలమానం సెకను వర్గానికి మీటర్లు. మంచి మాన్యువల్‌లో రెండు పిడులకూ విడివిడిగా రాస్తారు. యూరప్ నిబంధనల్లో 8 గంటల సగటు 2.5 దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 5 దాటకూడదు. సగటు సమయపు వర్గమూలంతో మారుతుంది. పిడి కంపనం 5 ఉన్న రంపంతో రెండు గంటలు, 10 ఉన్నదానితో అరగంట పనిచేస్తే ఒకే మోతాదు. ఏళ్ల తరబడి మోతాదు మించితే వేళ్లు తిమ్మిరెక్కి పట్టు సడలుతుంది, అలా పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఇంజన్‌కూ పిడులకూ మధ్య స్ప్రింగులో, రబ్బరు దిమ్మలో ఉన్నాయా అని చూడండి.

లుంగీ, వేలాడే తువాలు కట్టుకుని రంపం పట్టకూడదు. బూట్లు, కళ్లద్దాలతో పాటు వీలైతే చైన్‌సా ప్యాంటు కొనండి. దానిలోపలి పొడవాటి పోగుల్ని గొలుసు లాక్కుపోయి స్ప్రాకెట్‌కు చుట్టుకుని ఆగిపోతుంది.

డబ్బులిచ్చే ముందు

గుండ్రటి ఆకురాయి గొలుసుకు తగిన సైజుది ఉందో లేదో అడగండి. 0.325 పిచ్‌కు 4.8 మిల్లీమీటర్లు, చిన్న రంపాలకు వచ్చే సన్నరకం 3/8 పిచ్‌కు 4 మిల్లీమీటర్లు. పన్ను ముందుండే మొనను అందాజాగా రాకకండి. ఎక్కువ రాకితే పన్ను లోతుగా కొరికి కిక్‌బ్యాక్ పెరుగుతుంది. దానికి ఒక చిన్న కొలత పట్టీ దొరుకుతుంది, అదీ తీసుకోండి.

గొలుసు నూనెకు బదులు వాడేసిన ఇంజన్ ఆయిల్ పోయమని కొందరు సలహా ఇస్తారు. బార్ కొన దగ్గర వంపు వ్యాసార్థం సుమారు 3 సెంటీమీటర్లు, గొలుసు వేగం 19 మీటర్లు. వేగపు వర్గాన్ని వ్యాసార్థంతో భాగిస్తే త్వరణం గురుత్వ త్వరణానికి వెయ్యి రెట్లు దాటుతుంది. ఆ విసురుకు మామూలు నూనె చిమ్మిపోతుంది, అందుకే బార్ ఆయిల్‌లో జిగురు కలుపుతారు. వాడేసిన ఆయిల్ ఎలాగూ చిమ్మిపోతుంది, పోతూ పోతూ లోహపు రజనునూ క్యాన్సర్ కారక పదార్థాలనూ మీ చేతులమీదా, పెరటి మట్టిలోనూ వదిలిపోతుంది.

గాలికి పడని, నిలిచి ఉన్న చెట్టును కొట్టాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా, కింద అనుమతి తీసుకోవాల్సి ఉంటుంది. రంపం స్టార్ట్ చేయకముందే స్థానిక అటవీ అధికారుల దగ్గర కనుక్కోండి.